ఎడమవైపు ఖాళీ

జూన్ 3, మంగళవారం

ఇది పాఠాల రిజిస్టరు. ఎవరు ఏ రోజు ఎంత దూరం నడిపారు, ఎక్కడ ఇంజను ఆగింది, ఎవరికి రివర్సు అంటే వణుకు, ఇరవై తొమ్మిదేళ్లుగా ఇందులో రాసేది అదే. వారం నుంచి పాఠాలు లేవు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అందుకని మిగిలిన పేజీల్లో నా గోల నేను రాసుకుంటాను. ఎవరు చదవొచ్చారు?

ముందు జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. మే 27, పొద్దున తొమ్మిదింపావు. బ్యాంకు పక్క సందు వచ్చి కలిసే మలుపు. స్టీరింగ్ దగ్గర నత్తమ్మ, ఎడమ సీట్లో నేను. ఎడమవైపు సందులోంచి పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద వచ్చాడు. నేను ఆగు అన్నాను. ఆమె ఆగలేదు. నా కాలికింద ఉన్న రెండో బ్రేకు నేను తొక్కేసరికే ఆలస్యమైపోయింది. బండి తగిలింది మెల్లగానే. ఆయన తల మాత్రం కాలిబాట అంచు రాయికి కొట్టుకుంది.

ఆగు అన్నాను. కేసు రాసుకున్న పోలీసు ఆఫీసరుకూ అదే చెప్పాను.

నత్తమ్మ అని పేరు పెట్టింది నేనే. నా దగ్గర నేర్చుకునే ప్రతివాళ్లకూ ఒక పేరు పెడతాను. ఈ అమ్మాయి నడిపితే పక్కన నడిచి వెళ్లేవాళ్లు దాటిపోతారు. బేకరీలో పొయ్యి దగ్గర పని. లైసెన్సు వస్తే రొట్టెల వ్యాన్ ఇస్తామన్నారట, ఆ వ్యాన్ కోసం ఏడాదిగా కలలు కంటోంది. ఇప్పుడు తప్పు ఆమెదని తేలితే వ్యాన్ సంగతి దేవుడెరుగు, జైలుకే పంపుతారని అంటున్నారు.

ఆగు అన్నాను.

జూన్ 4, బుధవారం

పోస్ట్‌మ్యాన్‌కు ఇంకా తెలివి రాలేదు. ఆ రోజు ఎండ సూటిగా కళ్లలో కొట్టింది. నిన్న అది రాయడం మర్చిపోయాను.

జూన్ 5, గురువారం

నత్తమ్మ వచ్చింది. లోపలికి రమ్మంటే రాదు. గుమ్మం దగ్గరే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. ముఖం పీక్కుపోయింది.

"మాస్టారూ, ఒకటి అడగనా? కోప్పడరుగా?"

"అడుగు."

"నేను ఎడమ అని అడిగాను. మీరు ఖాళీ అన్నట్టు గుర్తు నాకు."

నేను రిజిస్టరు మూసి పక్కన పెట్టాను.

"కానీ మీరు ఆఫీసరుకు ఆగమన్నానని చెప్పారుగా. మీకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? నా చెవులకే ఏదో మాయరోగం వచ్చింది మాస్టారూ."

"భయంలో అలాగే అవుతుందమ్మా. ఒకటి వింటే ఇంకోటి విన్నట్టు ఉంటుంది," అన్నాను.

ఆ అమ్మాయిని ఓదార్చడానికే అన్నాను.

మలుపుల దగ్గర నా పద్ధతి ఒకటే. మొదటి పాఠంలోనే చెప్పేస్తాను. ముందు, కుడి మీవి, ఎడమ నాది. కొత్తవాళ్లు మూడు వైపులా చూడబోతే మెడ విరుగుతుంది తప్ప బండి కదలదు. వాళ్లు "ఎడమ?" అని అడగాలి, నేను చూసి "ఖాళీ" అనాలి. ఇంకో మాట కూడా ఉంది. ఇంజను ఆపేసినా, గోడకు రాసినా, నేను "తప్పు నాది, మళ్లీ చేద్దాం" అంటాను. తిడితే క్లచ్ మీద కాలు వణుకుతుంది. ఈ ఊళ్లో సగం మంది ఆ మాట వింటూ నేర్చుకున్నవాళ్లే.

వెళ్తూ వెళ్తూ, "ఈసారి తప్పు మీది కాదులెండి," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

నా కళ్లకేం? మాత్రల డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలు కూడా కళ్లద్దాలు లేకుండా చదువుతాను. ఏప్రిల్ పరీక్షలో కూడా బాగున్నాయనే రాసిచ్చారు.

జూన్ 6, శుక్రవారం

ఆఫీసరు ఫోన్ చేశాడు. 12న పదకొండు గంటలకు విచారణ, అందరూ రావాలట. వీడు నా దగ్గర నేర్చుకున్నవాడే. అప్పట్లో గోడలను గుద్దడంలో దిట్ట.

అప్పటిదాకా ఈ గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. మా ఆవిడతో, "సముద్రం పక్క రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగొద్దామా?" అన్నాను.

కత్తెర పక్కన పెట్టి నా వంక చూసింది. స్కూలు యూనిఫాంలు కత్తిరించే పని ఆమెది, కత్తెర అంత సులువుగా పక్కన పెట్టదు. "పెళ్లైన కొత్తలో చూపిస్తానన్న సముద్రమేనా, ఇది వేరేదా?"

"అదే. బస్సులు కూడా నడపగలిగేంత గట్టి ఇసుకట. మా గురువు చెప్పేవాడు."

"ఒకరు ఆసుపత్రిలో ఉంటే మనకు షికార్లేంటండీ?"

"నేను ఇక్కడుండి ఆయనకు మందులు పోస్తున్నానా?" అని గట్టిగా అరిచాను. తర్వాత సిగ్గేసింది.

కొత్త బండి స్టేషన్లో ఉంది. పాత బండి ఉంది, దానికీ రెండు బ్రేకులున్నాయి. నడుము నొప్పిగా ఉందని, నువ్వే నడపాలని చెప్పాను. నా మొదటి స్టూడెంటు ఆమే.

జూన్ 7, శనివారం

దారంతా ఎడమవైపు సముద్రం. మా ఆవిడ హుషారుగా నడిపింది. యాభై దాటగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. పదిసార్లు బండి కుదిపేసింది.

"కాలు తీయండి. బండి నేను నడుపుతున్నానా, మీరా?"

"అలవాటు."

"ఆ అలవాటును డిక్కీలో పెట్టి తాళం వేయండి. అబ్బ, ఆ పడవలు చూశారా, ఎన్ని ఉన్నాయో!"

"ఆ, చూశాను."

చూడలేదు. మెడ తిప్పేలోపు దాటిపోయాం. తల ప్రతిసారీ ఎవరు తిప్పుతారు?

లాడ్జిలో మంచినీళ్ల గ్లాసు తగిలి పగిలింది. బల్లకు ఎడమవైపు పెట్టింది ఆవిడ. చూసి పెట్టొద్దా అని విసుక్కున్నాను. గాజు పెంకులు ఏరుతూ, "ఈ ఏడాది ఇది ఎన్నో గ్లాసో," అంది అంతే.

జూన్ 8, ఆదివారం

పోస్ట్‌మ్యాన్ పోయాడు.

ఆఫీసరు ఫోన్ చేసి చెప్పాడు. తర్వాత నత్తమ్మ నంబరు నుంచి మూడుసార్లు వచ్చింది. ఎత్తలేదు. ఎత్తి ఏం మాట్లాడను?

మా ఆవిడ వెనక్కి పోదామంది. రేపు ఆ బీచ్ చూసి పోదామన్నాను. ఇంత దూరం వచ్చాం కదా అన్నాను. ఆయన ఎలాగూ పోయాడు కదా అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

ఆయన మా వీధికి కూడా ఉత్తరాలు ఇచ్చేవాడు. మా గేటు గడియ మోటుగా ఉంటుంది, తీయడం నాకంటే ఆయనకే బాగా వచ్చు.

ఆగు అన్నాననే గుర్తు.

జూన్ 9, సోమవారం

ఇలాంటి బీచ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. రోడ్డు నేరుగా ఇసుకలోకి దిగి అక్కడే అయిపోతుంది. నీళ్లు లేవు. ఎంత దూరం చూసినా బూడిద రంగు ఇసుక, చదునుగా, సిమెంటు నేలలా. మడమతో తన్నితే మడమే నొచ్చింది. ఆరు గంటల పాటు సముద్రం కనుచూపుమేర వెనక్కి పోతుందట, మళ్లీ వస్తుందట. ఆ మధ్యలో బళ్లు నడుపుకోవచ్చు.

దిగే చోట నల్లబల్ల మీద సుద్దముక్కతో వేళలు రాసి ఉన్నాయి. పక్కన ఎర్రజెండా పట్టుకుని ఒక కాపలామనిషి. మా నంబరు రాసుకుని, "పన్నెండుకల్లా గట్టెక్కెయ్యాలి సార్. నీళ్లు ఎదురుగా వస్తాయని చూస్తూ కూర్చోకండి. వెనక పాయ ఉంది, అందులోంచి పక్కగా వస్తాయి. చప్పుడుండదు," అన్నాడు.

"ఇరవై తొమ్మిదేళ్ల నుంచి డ్రైవింగ్ నేర్పుతున్నానయ్యా," అన్నాను.

"నీళ్లకు తెలియదుగా సార్," అన్నాడు.

మా ఆవిడ కిలకిలా నవ్వింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు విని.

బండి ఇసుకలోకి దిగింది. గీతల్లేవు, మలుపుల్లేవు, సందుల్లేవు. గుద్దుదామన్నా గుద్దడానికి ఏమీ లేదు. అరవై, డెబ్భై. నా కాలు కదల్లేదు. రెండు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. పాఠాలన్నీ ఇక్కడే చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాను. నత్తమ్మ ఇక్కడ రోజంతా ఆమె వేగంతో నడుపుకునేది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలు పంచుకునేవాడు. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపు వచ్చింది, ఇసుక పడిందని కళ్లు తుడుచుకున్నాను. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

చివర తుప్పు పట్టిన ఒక ఇనుప స్తంభం ఉంది. ఆ నీడలో కూర్చున్నాం. ఆవిడ చెప్పులు విప్పి తడి ఇసుక మీద పాదాలు ఆనించి, "రిటైరైపోండి. నా కత్తెర చాలు మనిద్దరికీ," అంది. ఎందుకన్నదో అడగలేదు. పదకొండున్నరకు లేచాం.

బండి వెనక్కి తిప్పాలి. ఆవిడ స్టీరింగ్ పట్టుకుని, పాత అలవాటు కొద్దీ, "ఎడమ?" అంది.

"ఖాళీ," అన్నాను.

తిప్పింది. చక్రాల కింద ఛళ్లున నీళ్లు లేచాయి. ఇద్దరం ఒకేసారి బ్రేకు తొక్కాం. ఇంజను ఆగిపోయింది. బండి పక్కన చిన్నగా గలగల శబ్దం.

"ఏమండీ," అంది. గొంతు వేరేగా ఉంది. "ఇది ఖాళీనా?"

అప్పుడు మెడ తిప్పాను. ఎడమవైపంతా నీళ్లే. ఒక చెంబెడో కడవెడో కాదు. కనుచూపుమేర, ఎండకు మెరుస్తూ. ఎప్పుడు వచ్చాయో ఏమో, నా భుజం పక్కకు వచ్చి కూర్చున్నాయి.

ఆవిడ ఇంజను వేసి, రివర్సులో వచ్చి, కుడికి కొట్టి గట్టు వైపు పోనిచ్చింది. ఎంత బాగా నడిపిందో. జెండా మనిషి పరుగెత్తుకొచ్చి నానా మాటలూ అన్నాడు. పడ్డాం. రోడ్డెక్కాక బండి పక్కకు ఆపింది.

"ఎదురుగా చూడండి. మెడ తిప్పొద్దు. నా చెయ్యి ఎక్కడుంది?"

ఎదురుగా ఒక కరెంటు స్తంభం, దాని మీద కాకి. కాకి ముక్కు కూడా కనిపిస్తోంది నాకు.

"చెప్పండి. చెయ్యి ఎక్కడుంది?"

ఆమె చెయ్యి నా ఎడమ చెంపను తాకింది. అప్పుడు తెలిసింది.

జూన్ 10, మంగళవారం

అంతా చెప్పాను. చెప్పింది ఇక్కడా రాస్తాను, ఒకసారైనా రాయాలి.

రెండేళ్ల నుంచి పక్కలు పోతున్నాయి. కుడివైపు కొంచెం, ఎడమవైపు ఎక్కువ. ప్రతి ఏప్రిల్‌లో లైసెన్సు కోసం కళ్ల పరీక్ష ఉంటుంది. గడ్డం ఒక మిషను మీద పెట్టి మధ్యలో చుక్క చూడాలి, పక్కల్లో వెలుగు మినుక్కుమన్నప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. నాకు వెలుగు కనిపించలేదు. కానీ మిషను టిక్కుమనడం వినిపించింది. ఆ చప్పుడు లెక్కన నొక్కుకుంటూ పోయాను. అక్కడున్నామె, "మీ వయసుకు భలే ఉన్నాయి సార్ కళ్లు," అంది. పొంగిపోయాను కూడా.

మే 27న ఆ అమ్మాయి "ఎడమ?" అంది. మెడ తిప్పడానికి బద్ధకించాను. తిప్పితే అనుమానం వస్తుందని తిప్పడం మానేసి చాలా రోజులైంది. ఖాళీ అన్నాను.

ఆగు అనలేదు. ఖాళీ అన్నాను.

మా ఆవిడ లేచింది. కిటికీ దగ్గరకు పోయి నిలబడింది. తర్వాత, "ముప్పై ఏళ్లు మీ మాట నమ్మి నేను కూడా ఎడమకు చూడలేదండీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కాసేపటికి ఆమే బ్యాగు సర్దింది. "పదండి. పన్నెండో తారీఖుకు ఊళ్లో ఉండాలి. ఆ పిల్ల చెవులు ఆ పిల్లకు ఇచ్చెయ్యాలి."

జూన్ 11, బుధవారం

దారంతా సముద్రం కుడివైపు. ఆవిడ పడవలు చూపించలేదు.

రేపు పదకొండు గంటలకు. ఖాళీ అన్నానని చెప్పేస్తాను.

జూన్ 12, గురువారం

చెప్పాను. నిలబడి, చేతులు కట్టుకుని, ఏదీ దాచకుండా చెప్పాను. ఆఫీసరు పెన్ను మూసి బల్ల మీద పెట్టాడు. నత్తమ్మ తల దించుకుని కూర్చుంది.

"తప్పు నాది," అన్నాను చివర్న.

ఆఫీసరు నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ప్రేమగానే నవ్వాడు. అదే నా ఖర్మ. "మాస్టారూ, నేను ఆసుపత్రి గోడను గుద్దినప్పుడు కూడా మీరు ఇదే మాటన్నారు. గుర్తుందా?"

"అది వేరు. ఇది నిజం."

"మీ ఏప్రిల్ రిపోర్టు నా దగ్గరుంది. కళ్లు దివ్యంగా ఉన్నాయి. ఆ రోజు మీరు ఆగమన్నానని సంతకం పెట్టిన కాగితమూ ఉంది. ఈ అమ్మాయి కూడా సోమవారం వచ్చి ఒప్పుకుని సంతకం పెట్టింది. ఇప్పుడు మీరొచ్చి కళ్లు కనపడవంటే ఎలా? కనపడటం లేదని ఎవరైనా అనొచ్చుగా."

సోమవారం. నేను ఆ ఇసుకలో డెబ్భై మీద పోతున్నప్పుడు.

నత్తమ్మ వైపు తిరిగాను. పూర్తిగా తిరిగాను, ఆమె నా ఎడమకు కూర్చుంది. "అమ్మా, నువ్వు విన్నదే నిజం. నేను ఖాళీ అన్నాను. నీ చెవులకేం కాలేదు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "భయంలో అలాగే అవుతుంది మాస్టారూ. ఒకటి అంటే ఇంకోటి అన్నట్టు ఉంటుంది. మీరే చెప్పారుగా."

జూన్ 16, సోమవారం

మళ్లీ కళ్ల పరీక్ష. ఈసారి కనిపిస్తేనే నొక్కుదామని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. మిషను టిక్కుటిక్కుమంటూనే ఉంది. బటన్ మీద వేలు ఊరికే పడి ఉంది.

డాక్టరు కాగితం చూసి నోరు తెరిచాడు. "ఏప్రిల్‌లో ఇంత బాగుండి, రెండు నెలల్లో ఇలా ఎలా అయ్యాయి?" మోసం చేశానని చెప్పాను. నమ్మాడో లేదో, "నేను ఇవాళ్టి సంగతి ఇవాళ్టి తేదీతో రాసివ్వగలను. మే నెలలో ఎలా ఉన్నాయో నేను చూడలేదు కదండీ," అన్నాడు.

ఆఫీసరు ఆ కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు. ఫైలు పైవాళ్లకు వెళ్లిపోతోందట. "మీరు బండి నడపడం మాత్రం మానేయండి మాస్టారూ," అన్నాడు.

జూన్ 18, బుధవారం

ఈ రిజిస్టరు ఉందిగా! ఇన్నాళ్లూ తట్టనేలేదు. పదో తారీఖున అంతా నా చేత్తో రాశాను, ఎవరి కోసమూ కాకుండా రాశాను. ఇది చూపిస్తే కాదనేవాడెవడు? రేపు నత్తమ్మను రమ్మన్నాను. ముందు ఆమె నమ్మాలి. ఆమె నమ్మి సంతకం వెనక్కి తీసుకుంటే, ఇద్దరం కలిసి పైవాళ్ల దగ్గరకు పోతాం.

జూన్ 19, గురువారం

వచ్చింది. ఈసారి లోపలికొచ్చి కూర్చుంది. బేకరీ వాళ్లు పొయ్యి దగ్గరకు కూడా రావద్దన్నారట. చేతుల నిండా ఉండే పిండి మరకలు లేవు, శుభ్రంగా ఉన్నాయి చేతులు.

రిజిస్టరు ఆమె చేతికిచ్చాను. పదో తారీఖు పేజీ తీసి ఇద్దామనుకునేలోపే మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. ఆమె ఏ పనైనా అంతే, మెల్లగా, మొదటి నుంచి. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. నేను ఆమె వేలు చూస్తూ కూర్చున్నాను. మొదటి పేజీ మీదే వేలు ఆగింది.

"ఇక్కడ మీరే రాశారు కదా మాస్టారూ. ఆగు అన్నాను అని. ఒకసారి కాదు, మూడుసార్లు."

"అది అబద్ధం. ముందుకు చదువు. పదో తారీఖు చదువు."

చదివింది. అన్నీ చదివింది. చదివి, ఏడుస్తూ నవ్వింది. "మొదటిరోజు రాసిందే నిజం. అప్పటికి ఆయన బతికున్నారుగా. తర్వాతవన్నీ నా మీద జాలితో రాశారు. నాకోసం మీ కళ్లు కూడా పోగొట్టుకుంటారా మాస్టారూ?"

"తప్పు నాదమ్మా," అన్నాను. కాళ్లు పట్టుకోబోయాను. గబుక్కున లేచి వెనక్కి జరిగింది.

"తప్పు నాది," అంది మెల్లగా. "మళ్లీ చేద్దాం అని మాత్రం అనకండి."

మా ఆవిడ ఆమెను పట్టుకుని ఏదో చెప్పింది, నేను చెప్పిందంతా నిజమనే చెప్పి ఉంటుంది. ఆమె తల ఊపి, మా ఆవిడ చెయ్యి నొక్కి, రిజిస్టరు జాగ్రత్తగా మూసి బల్ల మీద పెట్టింది. మెట్లు దిగింది. మోటు గడియ రెండు చేతులతో తీసింది.

గేటు దాటి ఎడమకు తిరిగింది. అంతే, ఇక కనిపించలేదు.